టీతో తలా రెండు

నాగులు నోరు బార్లా తెరిచి, నాలుక పైకెత్తి చూపించాడు. మందు మింగాడని నమ్మకం కుదిరాక నర్సు కృపారాణి కార్డులో టిక్కు పెట్టింది. తెనాలిలోని ఆ మత్తు మాన్పించే కేంద్రంలో అతనికది మొదటి రోజు. నలభై నాలుగేళ్ల మనిషి. ఉప్పుగాలికి నల్లబడ్డ ముఖం, వలతాళ్లకి కాయలు కాసిన అరచేతులు. వరుసలో ఎవరి కంటా పడకుండా తల దించుకుని నుంచున్నాడు. సిగ్గుపడాల్సింది అతనా?

"ఇది నిదానంగా పనిచేస్తుంది బాబాయ్. ఒళ్లు నొప్పులొస్తాయి, ఓర్చుకో. పాత మాత్రలు మాత్రం ముట్టుకోకు. రెండూ కలిస్తే ప్రాణం పోద్ది."

"ముట్టుకోనమ్మా. మా పేరంటాలి మీద ఒట్టు. కట్టుకున్నదాని మీద అబద్ధం ఒట్టేస్తానా?"

అయిదేళ్ల కిందట బోటులో జారిపడితే నడుము విరిగినంత పనైంది. రేపల్లెలో ఓ డాక్టరు నొప్పికి మాత్రలు రాశాడు. ఎప్పుడు ఆపాలో చెప్పిన నాథుడు లేడు. మందులషాపు వాళ్లు అడిగినన్ని ఇచ్చారు. బోటు నడిపే సరంగు వెంకటప్పయ్యైతే బియ్యం, ఐసుతో పాటు మాత్రలూ బోటుకెక్కించేవాడు. వల పనికి ముందు టీతో తలా రెండు. నొప్పి తెలియని మనిషి ఇద్దరి పని చేస్తాడు, ఎవరికి చేదు? రోజుకు రెండు కాస్తా పన్నెండయ్యాయి. మానితే చలి, వాంతులు, ఎముకల్లో పోట్లు. అప్పుడు వాళ్లందరూ కలిసి అతనికి మత్తుగాడని పేరు పెట్టారు.

కేంద్రంలో మందు మింగిన ఆ మధ్యాహ్నానికే నాగులు నిజాంపట్నం రేవు చేరాడు.

"రోజూ తెనాలి పోవాల మావా. ఈసారి వేటకి రాలేను."

"పోదువులే. ముందు ఈ వల ఎక్కించు," అన్నాడు వెంకటప్పయ్య.

వల సగం ఎక్కేసరికి నడుము పట్టేసింది. టీ వచ్చింది, దాంతో మాత్రలూ వచ్చాయి. సరంగు చేతి టీ కాదంటే ఇక ఆ బోటుకి రానని చెప్పినట్టే. పొద్దుటి మందు పనిచెయ్యలేదనుకున్నాడు నాగులు. రెండు వేసుకున్నాడు. తగ్గలేదని ఇంకో నాలుగు అడిగి పుచ్చుకున్నాడు. వల మొత్తం ఎక్కించాడు.

"కాస్త నడుం వాలుస్తా," అని అక్కడే పడుకున్నాడు. పెద్దగా గురక పెట్టాడు. అలిసిపోయాడులే అనుకున్నారు. కాసేపటికి గురక ఆగింది. అన్నం పట్టుకొచ్చిన పేరంటాలు లేపితే లేవలేదు.

"మత్తుకి పోయాడు," అన్నారు రేవులో. ఎంత తేలికో ఆ మాట అనడం!

పేరంటాలు అతని చొక్కా జేబు తడిమింది. రేపల్లె డాక్టరు చీటీ. ఉప్పునీళ్లకి చెడకుండా లామినేషన్ చేయించుకున్నాడు. అందులో మాత్రల పేరు పక్కన, వాళ్లిద్దరికీ చదవడం రాని ఇంగ్లీషులో, ఐదు రోజులకు మాత్రమే అని రాసి ఉంది.