పిసుపో కోసం చాప

రేపు సోమవారం. రేపు పొద్దున్నే మా కుక్క పిసుపోకి చావు సూది వేసేస్తారు. మా చేతిలో మిగిలింది ఈ ఒక్క ఆదివారమే. అందుకే తెల్లారీ తెల్లారకముందే నేనూ అమ్మమ్మా పక్కింటి డెస్మండ్ గారి వాకిట్లో, అంత వానలో, చాప కప్పుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాం.

పోయిన వారం మా ఇంట్లో చర్చి పాటల ప్రాక్టీసు అయ్యాక గేటు వేయడం మర్చిపోయాం. డెస్మండ్ గారు తన బటన్‌ని, పిడికెడు తెల్ల కుక్కని, షికారు తిప్పుతూ అటే వచ్చారు. మా వాడు ఒక్క ఉదుటున దూకి దాని నడుం పట్టేసి కుదిపేశాడు. నేను పరిగెత్తి దవడలు విడదీసేసరికి రోడ్డంతా రక్తం! బటన్ బతికింది కానీ ఒళ్ళంతా కుట్లే. సాయంత్రానికల్లా సిటీ కౌన్సిల్ వాళ్ళ కుక్కల వ్యాను వచ్చి పిసుపోని ఎక్కించుకుపోయింది. పిసుపో అంటే మా సమోవా దీవుల వాళ్ళకి ప్రాణమైన డబ్బా మాంసం. వీడి రంగూ అదే, పేరూ అదే. పిచ్చి సన్నాసి, షికారనుకుని తోక ఊపుకుంటూ వ్యాను ఎక్కాడు.

ఆ కౌన్సిల్ ఆఫీసుకి ఎన్నిసార్లు ఫోన్ చేశానో! ఏడ్చాను, అరిచాను, బతిమాలాను. చివరికి అక్కడి ఆఫీసరమ్మ ఒకటే మాట చెప్పింది.

"చూడు మెలే, పక్కింటాయన చంపొద్దు అంటే మూతికి చిక్కం కట్టించి పంపించొచ్చు. ఆయన అనకపోతే నా చేతుల్లో ఏమీ లేదమ్మా."

ఆయనేమో తలుపే తీయడం లేదు. నేను పెట్టి వచ్చిన కేకు గుమ్మంలోనే చీమలు పట్టింది.

అప్పుడు అమ్మమ్మ పెట్టె తెరిచి తన పెళ్ళినాటి మేలిచాప తీసింది. పట్టులా మెత్తగా, అంచుకి ఎర్ర ఈకలతో. "ఇఫోంగా చేద్దాం" అంది.

ఇక్కడ ఆక్లండ్‌లో పుట్టిన నాకు ఇఫోంగా అంటే పెద్దవాళ్ళు చెప్పగా వినడమే. మనిషిని చంపినప్పుడు చేసే పని అది! తప్పు చేసిన ఇంటి పెద్ద చాప కప్పుకుని అవతలివాళ్ళ వాకిట్లో తల వంచి కూర్చోవాలి. వాళ్ళు కొట్టినా తిట్టినా లేవకూడదు. క్షమిస్తే వాళ్ళే వచ్చి చాప ఎత్తుతారు.

మా ఇంటి పెద్ద ఫెటూ మామయ్య. ఆయన నవ్వలేక చచ్చాడు.

"కుక్క కోసమా? చర్చిలో నా మొహం ఎక్కడ పెట్టుకోనమ్మా? రేపు పిల్లి ఎలకని పడితే ఎలక ఇంటి ముందు కూడా కూర్చోవాలా?"

"నువ్వు రాకు లేరా. కుక్కకి తల వంచడం రాదు. కూడు పెట్టినవాళ్ళం, మనం వంచాలి."

"ఆ తెల్లాయనకి ఇదేంటో కూడా తెలీదు!"

"తెలీకపోతే తెలుసుకుంటాడు."

అలా వచ్చాం. చాప కింద చీకటి, తడి వాసన, అమ్మమ్మ ఆయాసం. లోపల బటన్ కీచుమంది. తలుపు తెరుచుకుంది. చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది.

"ఎవరది? ఒంట్లో బాలేదా?" అంటూ డెస్మండ్ గారు చాప అంచు పట్టుకుని ఎత్తేశారు.

ఎత్తేశారు! నేను గంతేసినంత పని చేశాను. "అమ్మమ్మా, క్షమించేశారు! పిసుపో వచ్చేస్తాడు!"

ఆయన తెల్లమొహం వేశారు. "క్షమించడమేంటి? పెద్దావిడ పడిపోయిందేమోనని చూశాను."

చూస్తేనేం, ఎత్తారుగా! అదే మాట ఆఫీసరమ్మకి చెప్పేద్దాం అనబోయాను. అమ్మమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. చాప ఎత్తడమంటే ఏమిటో, ఆఫీసరమ్మ ఏమందో తన ముక్కల ఇంగ్లీషులో ఆయనకి మొత్తం చెప్పేసింది.

"తెలీక ఎత్తావు నాయనా. తెలీక ఇచ్చింది నాకొద్దు. మెలే, చాప దించు."

"నీకేమైనా పిచ్చా అమ్మమ్మా! వాడు చచ్చిపోతాడు!"

"దొంగ మాట మీద బతికించుకుంటామా? దించవే."

ఏడుస్తూ దించాను.

"బటన్ గుమ్మం దాటడం లేదు, తెలుసా?" అన్నారాయన. "వ్యాను చప్పుడు వింటే చాలు, ఉన్నచోటే పోసేస్తోంది. మీ కుక్క మీకు ముద్దు. మరి నాదో?"

"తెలుసు" అంది అమ్మమ్మ చాప కిందనుంచి. "దాని ఏడుపు మా వంటింట్లోకి వినిపిస్తోంది. గేటు వేయనిది మేమే. కొట్టాలనుంటే కొట్టు."

చెప్పులు వెనక్కి వెళ్ళిపోయాయి. తలుపు ధడాలున పడింది.

అంతే, అయిపోయింది. కౌన్సిల్ వాళ్ళ సిమెంటు గదిలో పిసుపో ఇంకా తలుపు వైపే చూస్తూ ఉంటాడు, నేనొస్తానని. "లేద్దాం అమ్మమ్మా, ఇంక రారు."

"నువ్వు లే."

రోడ్డు మీద కారు ఆగింది. ఎవరో చాప కిందకి దూరారు. మామయ్య! చర్చికి వేసుకున్న తెల్లబట్టలతో, బురదలో మోకాళ్ళు ఆనించి!

"జరగవే. నవ్వావంటే చంపేస్తా."

"కొత్త బట్టలు కదరా!" అంది అమ్మమ్మ.

"ఊరుకో అమ్మా. పెద్దని నేను, మధ్యలో నేనుండాలి."

ఎంతసేపటికో మళ్ళీ తలుపు చప్పుడైంది. చాప అంచు కింద నాకు ఆయన చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు ఎత్తితే తెలిసి ఎత్తినట్టేగా?"

"అంతే" అంది అమ్మమ్మ.

"మూతికి చిక్కం. నా భుజమంత ఎత్తు కంచె. గేటుకి తాళం."

"నేనే కడతాను సర్" అన్నాడు మామయ్య.

ఆయన ఇంకా ఎత్తలేదు. "నాకు కోపం పోలేదు."

"ఉండనీ నాయనా. అది పోవాలని అడగలేదు."

ఎర్ర ఈకల మీద ఆయన వేళ్ళు పడ్డాయి. వెలుతురు లోపలికొచ్చింది. ఈసారి నేను అరవలేదు. ఆయన చంకలో బటన్ గజగజ వణుకుతోంది. అమ్మమ్మ లేవలేకపోతే ఆయనే రెండో చెయ్యి ఇచ్చారు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి నా వైపు తిరిగారు.

"ఆ నంబరేదో చెప్పమ్మాయ్. ఆదివారం వాళ్ళు ఫోన్ ఎత్తుతారంటావా?"