ఎంత లోతు పోయిందో

"గర్భసంచి ఎట్లయినా తీసేసేదే కదా మేడం, ఇంక అది ఎంత లోతు పోయిందో చూసేదేంది?" అన్నాడు సుంకప్ప.

జబ్బు ఆయన పెళ్లాం చౌడేశ్వరిది. డాక్టరు ముందు కుర్చీలో కూర్చున్నది మాత్రం ఆయన. ఆమె వెనక గోడకు ఆనుకుని నిలబడింది.

డాక్టర్ చంద్రిక మళ్లీ మొదటినుంచీ చెప్పింది. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరని తేలింది. అది సంచి కండలోకి ఎంత దిగిందో మామూలు స్కానింగులో తేలలేదు, గడ్డలు అడ్డమొచ్చాయి. ఎమ్మారై తీస్తే ఇంకా బాగా తెలుస్తుంది. పైపైన ఉంటే ఇక్కడే ఆపరేషన్. లోతుకు దిగినా, సంచి మెడ దాకా పాకినా, పెద్దాసుపత్రిలో వేరే ఆపరేషన్.

"ఎమ్మారై గది లోపలికి లోహం పోకూడదు. తాళి, మెట్టెలు అన్నీ తీయాలి" అంది చివరికి.

అక్కడొచ్చింది తంటా.

"నేను బతికుండంగా తాళి తీసేదేంది మేడం? నా ఆయుస్సు దాంట్లో ఉండాది. మాయమ్మ వింటే ఊరుకోదు. ఆ తీసిన స్కానింగే చాలు, కోసేయండి."

చాలట. చౌడేశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. పోయిన వేసవిలో కంబదూరు చేలో బోరు వేయించేటప్పుడు ఈ మనిషికి ఒక్క చూపు చాలలేదే! అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచేవాణ్ని పిలిచాడు. వేపపుల్ల పట్టేవాణ్ని పిలిచాడు. ఇద్దరి మాటా కలవకపోతే అనంతపురం నుంచి మిషనాయన్ని తెప్పించాడు. నేల కడుపులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో మూడు రకాలుగా చూపించుకున్నాడు. వాళ్ల వెనకాల ఎండలో నీళ్ల బిందె మోసింది ఆమే. ముట్టు ఆగిపోయిన కొన్నేళ్ల తర్వాత మళ్లీ నెత్తురు కనబడింది అప్పుడే. చాటుగా గుడ్డ పెట్టుకుని మోసింది. తెలిశాక అత్త ఏమంది? "ముసిలితనంలో ఇదేం ముట్టే, దేవుని గది తొక్కద్దు." దేవుడి గదికి పనికిరాని మనిషి చెనిక్కాయ చేలో కలుపుకు మాత్రం బాగా పనికొచ్చింది. పొద్దు గూకేదాకా వంగి కలుపు తీస్తే, నడుము నొప్పి అన్నందుకు మొగుడు నవ్వాడు. డాక్టరు దగ్గరికి పోదామని ఒక్కరూ అనలేదు.

"చెప్పవే మేడంకు, ఆ పరీక్ష వద్దని" అన్నాడు సుంకప్ప వెనక్కి తిరిగి.

ఇన్నేళ్ల కాపురంలో ఆమె మాట అడగడమే అరుదు, అదీ వద్దని చెప్పడానికి. ఆమె ముందుకొచ్చింది.

"ఎప్పుడు తీస్తారు మేడం?"

"మీరు సరేనంటే ఇప్పుడే పంపిస్తా."

"సరే. ఇంకమీదట ఏం తెలిసినా నాకు చెప్పండి."

మెడలోంచి తాళి తీసింది. నోరు తెరుచుకుని చూస్తున్న సుంకప్ప అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"నీ ఆయుస్సు నీ చేతిలోనే ఉండాది, గట్టిగా పట్టుకో. నాది ఎంతుండాదో నేను పోయి చూపించుకుంటా."