గోల్ చూడని బంతి

తెల్లవారకముందే లేచి చిన్నరాజం గడ్డికి నీళ్లు పెడతాడు. ఎండ ముదరకముందే సున్నంతో మైదానం గీతలు గీస్తాడు. మధ్యాహ్నం వలలు కుట్టి, సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినిపించాక బయటికొచ్చి ఆకాశం నుంచి పడిన బంతులు ఏరుకుంటాడు.

కువైట్‌లోని ఫింటాస్‌లో సముద్రం పక్కనున్న ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో ఆరేళ్లుగా అతని పని ఇదే. బంతులు పడటం మాత్రం పోయిన సెప్టెంబరులో, ఇంగ్లీషు డిఫెండర్ క్రెయిగ్ తోర్న్‌లీ వచ్చిన వారం నుంచి మొదలైంది. డిఫెండర్ అంటే తన గోలు ముందు నిలబడి వచ్చినదాన్నల్లా ఆపేవాడు. ఆపి ఏం చేయాలో తోచకపోతే స్టేడియం అవతలికి తన్నేవాడు. ఇరవై ఏళ్లలో క్రెయిగ్ అలా తన్నిన బంతులు ఇంగ్లండులో కింద పడలేదు. ఇప్పుడు ఒక్కొక్కటే వచ్చి కువైట్‌లో పడుతున్నాయి. కొన్ని నల్లటి బురదతో, కొన్ని అంచుల్లో మంచుతో. మేనేజరు స్టోర్ రూములో ఇంకో ఇనుప రాక్ బిగించమన్నాడు. టీమ్ బస్సు నడిపే బాలకిషన్ అద్దం ఒకసారి పగిలాక బస్సును గోడవారకి మార్చుకున్నాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

చిన్నరాజం ఒక్కో బంతినీ కడిగి తుడిచేవాడు. సాయంత్రం ప్రాక్టీసుకు ముందు క్రెయిగ్ వచ్చి వాటిని చేతుల్లో తిప్పి చూసి పోల్చుకునేవాడు. ఇది పదిహేడేళ్లప్పుడు, సీనియర్ల బూట్లు తుడిచే రోజుల్లో, ఎవరో జ్వరంతో పడుకుంటే తనను దింపిన మొదటి ఆటలోది. ఇది రెండోసారి ముక్కు విరిగిన రోజుది. ఇది నాలుగో డివిజన్ నుంచి మూడో డివిజన్‌కు ఎక్కిన ఏటిది. ఇక్కడ నేర్చుకున్న నాలుగు హిందీ, అరబ్బీ ముక్కలు ఇంగ్లీషులో కలిపి ఆయన చెబుతుంటే చిన్నరాజం నల్ల మార్కరుతో బంతి మీద తెలుగులో సంవత్సరం వేసేవాడు. ఆరువందల ఆటలు, తొమ్మిది గోల్సు. ముప్పై ఏడో ఏట మోకాళ్లకు పట్టీలతో, ఏడాది ఒప్పందం మీద ఇక్కడికి వచ్చాడు.

గోలు కొట్టినవాణ్ని టీవీలో పదిసార్లు తిప్పి తిప్పి చూపిస్తారు. ఆపినవాణ్ని ఎవడు చూపిస్తాడు? జరగకుండా పోయినదానికి బొమ్మ ఉండదు. ఈ సంగతి చిన్నరాజానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. యాభై డిగ్రీల ఎండలో గడ్డి పచ్చగా ఉంటే అది గడ్డి గొప్ప. ఒక మూల ఎండిందా, అది చిన్నరాజం తప్పు. జగిత్యాల దగ్గరి ఊళ్లో ఉన్న భార్య సువర్ణ కూడా ఫోనులో ఎప్పుడూ అదే ఎత్తిపొడుపు. "గడ్డికి నీళ్లు పెట్టెటందుకు గంత దూరం పోవాల్నా? మన దగ్గర గడ్డి లేదా?" ఆరేళ్లుగా అతను మాట మార్చేస్తూ వచ్చాడు.

మార్చిలో క్రెయిగ్‌కు ఒక ఉత్తరం వచ్చింది. ఆయన దాన్ని చదివి, మడిచి, పాత బూటులో దోపాడు. బూట్లు తుడిచేటప్పుడు చిన్నరాజానికి దొరికితే బాలకిషన్ చదివి పెట్టాడు. క్రెయిగ్ పదకొండేళ్లు ఆడిన ఊళ్లో పాత స్టేడియం కూల్చేస్తున్నారు. మే నెలాఖరున అక్కడ చివరి ఆట. పాత ఆటగాళ్లందరూ రావాలి. వస్తారో లేదో ఏప్రిల్ నెలాఖరులోగా తెలపాలి.

ఉత్తరం తిరిగి ఇస్తూ చిన్నరాజం పోతున్నారా సార్ అని అడిగాడు. క్రెయిగ్ బెంచీ మీద కూర్చుని సముద్రం వైపు చూస్తూ చెప్పాడు. ఎనిమిదేళ్ల కింద, ఆ ఏడాది చివరి ఆట. ఓడకుండా ఉంటే చాలు, జట్టు ఆ డివిజన్‌లో నిలుస్తుంది. ఆఖరి నిమిషంలో బంతి ఆయన కాళ్ల దగ్గరికే వచ్చింది. బయటికి తన్నేస్తే అయిపోయేది. కానీ ఊరికే బయటికి తన్నొద్దని, పద్ధతిగా ఆడమని కొత్త కోచ్ ఏడాదంతా తిట్టాడు. అందుకని వెనక ఉన్న గోల్‌కీపరుకు మెల్లగా అందించబోయాడు. మధ్యలో ఎదుటివాడు దూరి గోలు కొట్టాడు. జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది. క్లబ్బుకు రాబడి పోయి సగం మంది పనివాళ్లను తీసేశారు. బట్టలు ఉతికేవాణ్ని, టీ కొట్టు ఆవిడను, గడ్డి చూసే ముసలాయనను.

"గడ్డి మనిషిని కూడానా?" అన్నాడు చిన్నరాజం.

"ముందు ఆయన్నే," అన్నాడు క్రెయిగ్.

ఆ తర్వాత ఆయన మళ్లీ ఆ ఊరి గడప తొక్కలేదు. ఏ మొహం పెట్టుకుని పోవాలి అన్నట్టు చేతులు చాపాడు. ఉత్తరం మళ్లీ బూటులోకి పోయింది.

ఏప్రిల్‌లో చిన్నరాజం ఊరికి కార్గో కార్టన్ కట్టాడు. గల్ఫులో కార్టన్ కట్టడమంటే ఒక పండగ. దుప్పట్లు, పాలపొడి, సబ్బులు, తలనొప్పి మందు అన్నీ కూరి, తాడు బిగించి, ఆరు వైపులా మార్కరుతో పేరు, ఊరు రాస్తారు. ఓడలో పోతుంది కదా, ఏ వైపు పైకి ఉన్నా పేరు కనపడాలి. ఈసారి బడి పిల్లలకు బంతులు పంపుతానని అడిగితే క్రెయిగ్ అన్నీ తీసుకుపొమ్మన్నాడు. ఆరు వైపులా పేరు రాయడం వింతగా ఉందని, చిన్నరాజం చేతి కదలిక చూస్తూ ఆయన ఒక అట్టముక్క మీద 'రాజం' అని నాలుగుసార్లు దిద్దుకున్నాడు కూడా.

కార్టన్‌లో ఆరు బంతులు పెట్టేసరికే నిండిపోయింది. కార్టన్ మోయడానికి వచ్చిన బాలకిషన్ నవ్వాడు. "గాలి తియ్యి బావా. ఊర్ల గాలి లేదా, ఈడికెళ్లి పంపుతున్నవ్?"

నిజమే కదా అనుకుని, కార్టన్‌లో ఒక గాలి పంపు కూడా వేసి, క్రెయిగ్ ప్రాక్టీసుకు పోయాక చిన్నరాజం ఒక బంతిలో సూది గుచ్చాడు. చల్లటి గాలి వచ్చింది. రేకుల స్టోర్ రూము ఒక్క క్షణంలో చలికాలమైంది. తడి గడ్డి వాసన, ఎక్కడో వేగుతున్న ఉల్లిపాయల వాసన. వాటి వెనకే మనుషులు. పదివేల గొంతులు ఒక్కసారి అమ్మయ్య అని ఊపిరి వదిలి, ఆ తర్వాత ఒక పేరును పాటలాగా పాడుతున్నాయి. ఆ పేరు క్రెయిగ్‌ది.

తడి తువ్వాలు మెడలో వేసుకుని క్రెయిగ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చిన్నరాజం గబుక్కున సూది మీద బొటనవేలు పెట్టాడు. తెలియక తీశాను, తప్పయింది సార్ అన్నాడు. క్రెయిగ్ వచ్చి కింద కూర్చుని, ఆ వేలిని మెల్లగా పక్కకు తీశాడు.

ఆ రోజు ఆయన తిరిగి ప్రాక్టీసుకు పోలేదు. ఉత్తరం వచ్చిన ఆ ఊరి బంతులు ముప్పై ఏడు ఉంటే ముప్పై ఆరింటి గాలి తీసి విన్నారు. ముగ్గురికీ పళ్లు కటకటలాడాయి. బాలకిషన్ బస్సులోంచి దుప్పటి తెచ్చాడు. తన్నినవి గుర్తున్నాయి గానీ వాళ్లు పాడింది తనకు గుర్తే లేదని క్రెయిగ్ అన్నాడు. ఎనిమిదేళ్లుగా ఆయన చెవుల్లో ఉన్నది ఆఖరి నిమిషపు నిశ్శబ్దమే.

చివరిదాన్ని చిన్నరాజం తీస్తే ఆయన మొహం తిప్పుకున్నాడు. అది జట్టు కిందికి పడిన రోజు ఆటదే. ఎనభై ఎనిమిదో నిమిషంలో ఆయన బయటికి తన్నినది.

చిన్నరాజం సూది పక్కన పెట్టాడు. బంతిని రెండు చేతులతో పట్టుకుని, తెలుగు కాక తనకు వచ్చిన మూడు భాషల్లోనూ వెతుక్కుంటూ చెప్పాడు. "ఇది రెండు నిమిషాల ముందే బయటపడ్డది సార్. ఆ గోల్ చూడలే. దీంట్ల మనుషులు ఇంక మీ పేరే పిలుస్తున్నరు."

క్రెయిగ్ మళ్లీ చెప్పమన్నాడు. చిన్నరాజం మళ్లీ చెప్పాడు.

"వాళ్లు కూడా మరిచిపోయి ఉంటారు," అన్నాడు క్రెయిగ్ బంతిని చేతుల్లోకి తీసుకుంటూ.

"అయితే తీస్కపోయి ఇనిపియ్యుండ్రి."

మర్నాడు వస్తానని ఉత్తరానికి జవాబు పోయింది. మే మూడో వారంలో ఒప్పందం ముగిసింది. బయలుదేరే రోజు గాలి తీయని ఆ బంతి ఒక్కటే సంచిలో పెట్టుకుని క్రెయిగ్ మైదానంలోకి వచ్చాడు. నీళ్లు పెడుతున్న చిన్నరాజం ముందు క్లబ్బు బంతి ఒకటి ఉంచాడు. పనివాళ్లు బంతి ముట్టుకుంటే జీతం కోస్తామని గోడ మీద నాలుగు భాషల్లో రాసి ఉంది. ఆరేళ్లు తన చేతులతో బతికించిన గడ్డి మీద చిన్నరాజం ఒక్కసారీ బంతి తన్నలేదు. క్రెయిగ్ ఆ గోడకు వీపు ఆనించి నిలబడి, కానియ్యమని తల ఊపాడు. చిన్నరాజం చెప్పులు విడిచాడు. లుంగీ ఎగదోసి తన్నాడు. పైపు నీళ్లు చిమ్ముతూనే ఉన్నాయి, బాలకిషన్ బస్సు హారన్ మోగించి నవ్వాడు, క్రెయిగ్ చప్పట్లు కొట్టాడు. బంతి సముద్రం మీదుగా లేచి కిందికి రాలేదు.

నెలాఖరు శనివారం, పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళ మైదానం మధ్యలో దభీమని శబ్దం. పది రోజులుగా బంతులు పడటం లేదు. చిన్నరాజం వెళ్లి చూశాడు. కొత్త బంతి, మీద పచ్చి బురద. వంకరటింకర అక్షరాలతో, ఏ వైపు తిప్పినా కనపడేట్టు ఆరు చోట్ల 'రాజం' అని ఉంది. సూది గుచ్చి రవ్వంత గాలి వదిలాడు. గొంతులు ముసలివయ్యాయి, కొన్ని తగ్గాయి కూడా, కానీ అదే పేరు, అదే పాట. పక్కనే ఎవరో ముసలాయన ఏడుస్తూ నవ్వుతున్నాడు. చిన్నరాజం సూది తీసేశాడు.

అప్పుడే సువర్ణ ఫోను. పసుపు పెట్టేందుకు దున్నిన చెలకలో ఎటునుంచో బంతి వచ్చి పడిందట. ముట్టుకుంటే పెనంలా కాలుతోందట, పైనంతా ఇసుకేనట. కార్టన్‌లో వచ్చిన పంపుతో ఆడుకుంటున్న పిల్లలు దాని గాలి తీసి చూస్తామంటున్నారట.

"తియ్యనియ్యకు," అన్నాడు చిన్నరాజం. "నేనొచ్చినంక ఇందాం."

"ఏముంది దాంట్ల?"

చీకటి పడుతున్న గడ్డిని అతను ఒకసారి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. ఎక్కడా ఎండలేదు.

"ఈడ నేనేం చేస్తున్ననని అడుగుతవ్ గదా," అన్నాడు. "అది."