అక్క పాఠం దాచిన మెషిన్

ఆఫీసులో అందరూ అతన్ని తీగలాయన అనేవారు. బల్లల కిందా పైకప్పు సందుల్లోనూ దూరి నెట్‌వర్క్ తీగలు లాగేది అతనే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. నెట్ సవ్యంగా నడిచినంతకాలం అలాంటి మనిషొకడు ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు. కాసేపు ఆగిందా, పనీపాటా లేనివాళ్లకు కూడా కొంపలు మునిగిపోతాయి.

అదే ఆఫీసులో వాళ్ల అక్క శిక్షణ విభాగం చూసేది. కొత్తగా చేరినవాళ్లు మొదటిరోజు చూడాల్సిన వీడియో పాఠం చెప్పింది ఆవిడే. ఆ వీడియో ఎక్కడో దూరాన ప్రధాన కార్యాలయం సర్వర్‌లో ఉండేది. కొత్తవాళ్లంతా ఒక్కసారే తెరిస్తే సన్నటి లైను కాస్తా చతికిలబడేది.

"ఒరేయ్, తెర మీద నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతోందిరా. పిల్లలు నవ్వుతున్నారు. ఏదో ఒకటి చెయ్యి" అని అక్క ఒకరోజు అతని మీద పడింది.

కొత్త మెషిన్ కావాలంటే పైవాళ్లు వినీవిననట్టు ఊరుకున్నారు. చేసేది లేక, లెక్కల విభాగం వాళ్లు వదిలించుకున్న పాత కంప్యూటర్‌కి దుమ్ము దులిపి, విరిగిన కుర్చీలు పడేసే గదిలో ఓ మూల పెట్టి, దాన్నే క్యాషింగ్ సర్వర్‌గా తయారుచేశాడు. దాని పని చిన్నదే. ఎవరైనా ఏదైనా అడిగితే బయటినుంచి ఒక్కసారి తెచ్చి, ఒక కాపీ తన దగ్గర అట్టేపెట్టుకుంటుంది. మళ్లీ ఎవరడిగినా బయటికి పోకుండా ఆ కాపీయే ఇచ్చేస్తుంది. లైను ఎప్పుడు పోతుందో తెలియని ఆఫీసు కదా అని, అసలు చోట వీడియో దొరక్కపోయినా దాచుకున్నదే ఇచ్చేలా సెట్ చేశాడు.

పని చేస్తోందో లేదో చూడడానికి అక్క పాఠమే పెట్టాడు. మొదటిసారి ఈడ్చుకుంటూ వచ్చింది. రెండోసారి నొక్కీ నొక్కగానే అక్క తెర మీద ప్రత్యక్షమైంది. "రండి, కూర్చోండి. మొదటిరోజు కదా, భయపడకండి. ఇక్కడ మేమందరం ఒకప్పుడు కొత్తవాళ్లమే. ముందు కాసిని మంచినీళ్లు తాగండి..." అంతే, ఆపేసేవాడు. వీడియో వచ్చిందా లేదా అన్నదే అతనికి కావాలి. ఏదో సెట్టింగు మార్చేవాడు, మళ్లీ నొక్కేవాడు, మళ్లీ మంచినీళ్ల దగ్గరే ఆపేసేవాడు.

వెనకే నిలబడి చూస్తున్న అక్కకు ఒళ్లు మండింది. "ఒక్కసారైనా నన్ను పూర్తిగా మాట్లాడనిస్తావట్రా? చిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు."

"నీ పాఠం నాకెందుకక్కా? నేనేమన్నా కొత్తగా చేరానా?"

"నీకంటే ఈ డబ్బా నయం. ఒకసారి చెబితే గుర్తుపెట్టుకుంటోంది. అవునూ, అన్నీ ఇలా దాచుకుంటూపోతే చోటు సరిపోతుందా?"

"సరిపోనప్పుడు, చాన్నాళ్లుగా ఎవరూ అడగనిదాన్ని తీసేస్తుంది. ఆ రూలు నేనే పెట్టా."

"పాపం! ఎవరూ అడక్కపోతే అది చేసిన తప్పేంట్రా?"

ఆ మాటకు ఇద్దరూ నవ్వుకున్నారు.

మరుసటి ఏడాది అక్క పోయింది. కడుపులో నొప్పంటూ ఆస్పత్రికి నడిచి వెళ్లిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. తీగలాయనకు తల్లి పోయినప్పుడు కూడా అంత దుఃఖం రాలేదు, ఎందుకంటే అప్పుడు పక్కన అక్క ఉంది. ఆవిడ బల్ల ఖాళీ అయ్యీ కాకముందే ప్రధాన కార్యాలయం వాళ్లు పాత పాఠాలన్నీ ఎత్తేసి కొత్తవి పెట్టారు. వాటిలో మనిషే కనిపించడు. ఎవరిదో అద్దె గొంతు రూల్స్ అప్పజెప్పి పోతుంది.

అక్కకు ఒక్కగానొక్క కూతురు. అందరికీ చిట్టి. ఆ పిల్ల ఒకరోజు అతని దగ్గర కూర్చుని ఏడ్చింది. "ఇంట్లో ఎక్కడా అమ్మ గొంతు లేదు మామయ్యా. అందరి వీడియోలూ తనే తీసేది. తనని తియ్యనిస్తేగా!"

"నా దగ్గరుందే పిచ్చిదానా. ఆఫీసు మెషిన్‌లో పాఠం కాపీ అలాగే ఉంది. ఎక్కడికీ పోదు."

"ఇప్పుడొద్దు. ఇప్పుడు వినలేను" అంది చిట్టి.

కొన్నాళ్లకు ఆ ఆఫీసులోనే చిట్టికి ఉద్యోగం వచ్చింది. కబురు చెప్పడానికి వచ్చి గడపలోనే నిలబడి అడిగింది. "మొదటిరోజు నాకు అమ్మ పాఠమే పెట్టు మామయ్యా. అందరూ అమ్మ మాట విన్నాకే కదా పనిలోకి దిగింది. నేనూ అలాగే దిగుతా."

"అంతకంటేనా!" అన్నాడతను.

ఆ కాపీని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి జేబులో పెట్టుకుంటే సరిపోయేది. అది అతనికి తెలియక కాదు. కానీ కాపీ చేస్తే, సరిగ్గా వచ్చిందో లేదో తెరిచి చూడాలి. తెరిస్తే అక్క రండి, కూర్చోండి అంటుంది. ఆ మాట వినే గుండె అతనికి లేకపోయింది. అందుకే ఎప్పుడు ఆ గదిలోకి వెళ్లినా మెషిన్ జాబితాలో పాఠం పేరు ఉందో లేదో మాత్రం చూసుకుని, ఉంది కదా అని ఊపిరి పీల్చుకుని బయటికి వచ్చేసేవాడు. మిగతాది రేపు చూద్దాం అనుకునేవాడు. రేపులకేం కొదవ!

చిట్టి చేరే ముందు వారం ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ పెద్ద అప్‌డేట్ వచ్చిపడింది. తీగలాయనకు ఊపిరి సలపలేదు. పాత డబ్బా మాత్రం ఒక్కొక్కటీ తెచ్చి దాచుకుంటూ, అడిగినవాళ్లకల్లా ఇస్తూ దీక్షగా పనిచేసింది. భలే పెట్టాను దీన్ని అని మురిసిపోయాడు కూడా.

ఆ రోజు రానే వచ్చింది. చిట్టి వాళ్లమ్మ వాచీ పెట్టుకుని వచ్చింది. విరిగిన కుర్చీల్లో కాస్త నిలబడేదాన్ని ఏరి, తుడిచి, మేనకోడల్ని కూర్చోబెట్టి తీగలాయన పాఠం నొక్కాడు. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది. దొరకలేదు అని వచ్చింది.

మళ్లీ నొక్కాడు. అదే మాట. జాబితా తెరిస్తే పేరు లేదు. మెషిన్ తను చేసిన పనులన్నీ రాసుకునే చోట వెతికాడు. అక్కడుంది. చోటు చాలనందున తొలగించబడింది, చాలాకాలంగా ఎవరూ అడగలేదు.

పేరు చూడడం అడగడం కిందికి రాదు. ఆ సంగతి ఆ ఆఫీసు మొత్తంలో తెలిసినవాడు అతనొక్కడే. ఎన్నిసార్లు వచ్చి చూసుకున్నాడో ఆ మెషిన్‌కు పట్టలేదు, ఒక్కసారైనా తెరిచి ఉంటే ఉంచేది. ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేశాడు. పాతవన్నీ అప్పుడే తుడిచేశామని చెప్పి పెట్టేశారు. అతను తల పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు.

"చంపేశానే చిట్టీ. నా చేతుల్తో నేనే చంపేశాను."

చిట్టి తెర ఆపేసింది. కళ్లు తుడుచుకుని, కుర్చీ అతని వైపు తిప్పుకుంది.

"పోనీలే మామయ్యా. నువ్వు దాన్ని ఎన్నిసార్లో పెట్టి చూశావని అమ్మ అనేది. అమ్మ ఏమని చెప్పేదో నువ్వు చెప్పు. నేను వింటా."

తీగలాయన గొంతు సవరించుకున్నాడు. "రండి, కూర్చోండి. మొదటిరోజు కదా, భయపడకండి. ఇక్కడ మేమందరం ఒకప్పుడు కొత్తవాళ్లమే. ముందు కాసిని మంచినీళ్లు తాగండి."

అక్క ఆగినచోటల్లా ఆగుతూ, ఒక్క ముక్క పొల్లు పోకుండా చెప్పాడు. చిట్టి సంచిలోంచి సీసా తీసి బుద్ధిగా రెండు గుక్కలు తాగింది. మూత పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"ఆ తర్వాత?"

అతను నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

"ఆ తర్వాతది నాకు తెలీదమ్మా" అన్నాడు చివరికి. "ఎప్పుడూ అక్కడే ఆపేసేవాణ్ణి."