ఉత్త ఫ్లాష్

శ్రావణ శుక్రవారానికి ముందురోజు ఫ్రిజ్ కడగడం రామతులసికి అలవాటు. మీగడ గిన్నె, దోసెల పిండి, వాయనాలకు తెచ్చిన తమలపాకులు అన్నీ బయటపెట్టాక తలుపు అరలో మూలకు నక్కిన చిన్న డబ్బా చేతికి తగిలింది. బ్లాక్ అండ్ వైట్ ఫిలిం రోలు. మండపేటలో తన భర్త శివరామకృష్ణ నడిపే ఫోటో స్టూడియోలో మిగిలిన ఆఖరి రోలు. చల్లగా ఉంటే పాడవదని ఏళ్ల తరబడి అక్కడే ఉంచారు.

హాల్లోంచి ఆయన కేక వినిపించింది.

"విన్నావటే? అమెరికాలో ఆ ఫిలిం కంపెనీ అప్పులతో కిందామీదా పడుతోందట. ఎన్నాళ్లు నడుస్తుందో వాళ్లకే తెలీదట. ఇంక ఫిలిం పని అయిపోయినట్టే!"

"మళ్లీ కుర్రకారు ఫిలిం కొంటున్నారని కిందే రాశాడు కదండీ."

పేపరు ముందు చదివేది ఆవిడే. ఆయన లేచేసరికి మళ్లీ మడత నలగకుండా పెట్టేస్తుంది.

"ఆ రోలు జాగ్రత్త. రామచంద్రపురంలో మన ఫోటోగ్రాఫర్ల అసోసియేషన్ వాళ్లు నాకు సన్మానం పెట్టారు. ఫిలిం మీద తీసిన నా ఫోటోయే కావాలట. నన్ను నేను తీసుకోలేను కదా, నువ్వే నొక్కాలి. అన్నీ సెట్ చేసిస్తాలే. కడగడం ఎలాగూ నీ పనే."

ఎలాగూ! రామతులసికి లోలోపల నవ్వొచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు మాణిక్యాంబ కూడా ఆ మాటే అంది. "గిన్నెలు కడిగే చేతులేగా, ఫిలిం కడిగితే అరిగిపోతాయా?" అలా వంటింటి వెనక చీకటిగది తనదైంది. పట్టుపట్టి నేర్చుకుంది. గడియారం కనిపించని ఆ చీకట్లో ఆదిత్య హృదయం నింపాదిగా ఒకసారి చదివితే ఫిలిం సరిగ్గా కుదిరేది. నెలలో ఆ మూడు రోజులూ దేవుడి గది గడప తొక్కనిచ్చేవారు కాదు గానీ, చీకటిగదిలో పని మాత్రం ఆగకూడదు. ఊళ్లోవాళ్ల సత్యనారాయణ వ్రతాల ఫోటోలు ఆ రోజుల్లోనూ ఆవిడే కడిగేది. ఎర్రబల్బు వెలుగులో, నీళ్లలోని కాగితం మీద, ఆవిడ వేళ్ల మధ్య నుంచే స్వామి మెల్లగా తేలి వచ్చేవాడు. ఆ స్వామికి లేని అభ్యంతరం అత్తగారికెందుకో ఎప్పుడూ అర్థం కాలేదు. అడగలేదు కూడా. దణ్ణం పెట్టుకుని ఆరేసేది.

అడగనిది ఇంకొకటుంది. పెళ్లిళ్లలో "బాబూ, మాక్కూడా ఒకటి" అంటూ వరసకట్టే చుట్టాలను కాదనలేక ఫోటోగ్రాఫర్లు ఒక ఎత్తు వేసేవారు. ఫిలిం ఖర్చు కాకుండా ఉత్త ఫ్లాష్ ఒక్కటే వెలిగించేవారు. వెలుగు మొహాన పడగానే వాళ్లు సంతోషంగా భోజనాలకి వెళ్లిపోయేవారు. కూతురు హేమశ్రీ బారసాలనాడు పాపనెత్తుకుని తనూ నిలబడింది. "పమిట సరిచేసుకో తులసీ. ఆఁ, నవ్వు!" అన్నాడాయన. వెలుగు పడింది. ఆ రోలు కడిగి చూస్తే అత్తగారున్నారు, ఆడపడుచులున్నారు, ఉయ్యాల ఉంది. తను లేదు. సరిగ్గా కడగలేదేమోనని హడలిపోయింది. అన్నవరం కొండమీదా అంతే, ఆడపడుచు పెళ్లిలోనూ అంతే. అప్పుడు తెలిసింది, తన మొహాన పడిందీ ఉత్త ఫ్లాషేనని. అడిగితే ఏమంటాడో కూడా తెలుసు. "ఇంట్లో దానివేగా, ఎప్పుడైనా తియ్యొచ్చు."

మర్నాడు పూజయ్యాక ఆయన జుట్టుకి రంగేసుకుని, పట్టు కండువా కప్పుకుని స్టూడియోలో కుర్చీ వేసుకున్నాడు. రోలెక్కించి, ఫ్లాష్ తగిలించి, కెమెరా ఆవిడ చేతికిచ్చాడు.

రామతులసి వేలు కెమెరా బొత్తాం దాకా వెళ్లింది. అక్కణ్ణుంచి మెల్లగా ఫ్లాష్ వెనకున్న బుల్లి బొత్తాం మీదికి జరిగింది.

వెలుగు!

"కొట్టావా?"

"కొట్టానండీ. ఇటు తిరగండి. గడ్డం కాస్త పైకి. ఆఁ, నవ్వండి!"

మామూలుగా అయితే చప్పుడులో తేడా ఆయన ఇట్టే పట్టేవాడు. ఇప్పుడు ధ్యాసంతా ఎదుటి అద్దంలోని మీసం మీదుంది. తృప్తిగా లేచి కండువా దులుపుకున్నాడు.

"మిగిలినవేం చేస్తావు?"

"పేరంటానికి పట్టుకెళ్తా."

"నీ ఇష్టం. నావి పడ్డాయిగా, చాలు."

ఆ సాయంత్రం రామతులసి చేసిన అల్లరి ఆ వీధి ఇప్పటికీ చెప్పుకుంటుంది. పాదాలకి పసుపు రాయించుకుంటూ కితకితలకి మెలికలు తిరుగుతున్న ముసలావిడని తీసింది. పేరంటం వాళ్ల పెరట్లో పొయ్యి దగ్గర చెమటోడుస్తూ బూరెలు తీస్తున్న వంటమనిషి సూరమ్మని తీసింది. "అయ్యో, ఈ అవతారంతోనా అమ్మగారూ?" అంటూనే సూరమ్మ జుట్టు సవరించుకుంది. చివరికి తమ పక్కింటి తబిత టీచరు గేటు దగ్గర ఆగి, ఆవిడ చేతిలో కెమెరా పెట్టింది.

"టీచరుగారూ, నన్నొకటి తియ్యండి. వెనకదాని జోలికెళ్లకండి. ఇదిగో, ఈ పైది. గట్టిగా నొక్కాలి."

"అమ్మో, నా చెయ్యి వణుకుతోందండీ."

"వణకనివ్వండి. పడితే చాలు."

టక్కుమంది. ఆ చప్పుడు రామతులసికి హారతి వేళ గుళ్లో గంటలా వినిపించింది.

ఇంటికొచ్చి రోలు ఆయన చేతిలో పెట్టింది. "ఈసారి మీరు కడగండి."

"నేనా? ఎప్పుడో మర్చిపోయానే!"

"బయట కూర్చుని చెప్తాను. పదండి."

ఆయన గొణుక్కుంటూ చీకటిగదిలోకి వెళ్లాడు. ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి, స్టూడియోలోంచి ఆయన కుర్చీనే లాక్కొచ్చి తలుపు బయట వేసుకుంది.

"మందు పోశాను. ఎంతసేపు ఊపాలే?"

"ఆదిత్య హృదయం ఒకసారి చదవండి. సరిపోతుంది."

"నాకు రాదే!"

"తెలుసు." కాఫీ ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టి, కళ్లు మూసుకుని ఆవిడే అందుకుంది. లోపల చీకట్లో ఆయన డబ్బా ఊపుతున్న చప్పుడు శ్లోకానికి తాళంలా వినిపించింది.

అన్నీ అయ్యాక తలుపు తెరుచుకుంది. నీళ్లోడుతున్న ఫిలింని ఆయన ట్యూబులైటుకేసి ఎత్తి పట్టుకున్నాడు. పేరంటాళ్లున్నారు. పొయ్యి, సూరమ్మ ఉన్నారు. ఒకచోట కొంచెం చెదిరి, నోరారా నవ్వుతూ తన భార్య ఉంది. ఇంకోసారి మొదట్నించీ వెతికాడు.

"ఇందులో నేనేడే?"

"ఉత్త ఫ్లాష్ అండీ."

ఆయన ఫిలింని మెల్లగా కిందికి దించాడు. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఆడపడుచు పెళ్లి రోలు కడిగినప్పట్నుంచీ."

ఆయన మళ్లీ ఫిలిం వైపే చూశాడు. అందులో నవ్వుతున్న మనిషిని దగ్గరగా చూశాడు. తల ఎత్తకుండానే, చిన్నగా అడిగాడు. "మరి నా సన్మానం ఫోటో?"

రామతులసి ఆయన చేతిలోంచి ఫిలిం అందుకుని దండేనికి క్లిప్పు పెట్టింది.

"ఆ కంపెనీ బతికుండగానే ఇంకో రోలు తెప్పించండి. ముందు నన్ను తియ్యండి. తర్వాత మీ వంతు చూద్దాం."