తీసేసిన లైను

ఆ లైను నాకు బట్టలు మడతపెడుతుంటే తట్టింది. ఆదివారం మధ్యాహ్నం, మంచం నిండా ఉతికిన బట్టలు. మామగారివి ముందు తీసి ఇమ్మన్నారు అత్తగారు, ఆయన స్నానానికి లేచారట. కుప్పలోంచి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంటున్నాను. ఇది ఆయనదా? కాదు, వదిలెయ్. ఇది? అవును, మడతపెట్టు. చెయ్యి అన్నిటి మీదికీ వెళ్తోంది, మడత మాత్రం కొన్నిటికే. వారం రోజులుగా ఆఫీసులో నన్ను కాల్చుకు తింటున్న చిక్కుముడి అక్కడ విడిపోయింది. చేతిలో లుంగీని అలాగే పడేసి కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తాను. "పని ఎగ్గొట్టడానికి వంక దొరికింది," అన్నారు అత్తగారు, సరిగ్గా నాకు వినపడేంత మెల్లగా.

నేను ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ల సెక్షన్‌లో క్లర్కుని. కంటి ఆపరేషన్ల తేదీలన్నీ ఒక ఎక్సెల్ షీటులో ఉంటాయి. ఆరువందల పన్నెండు వరసలు, వరసకో మనిషి. ఏ డాక్టరైనా సెలవు పెడితే ఆ పేరున్న వరసలే కనపడేలా ఫిల్టర్ వేసి, ఆ నలభై మందికో యాభై మందికో 'మీ ఆపరేషన్ వాయిదా పడింది' అని మెసేజ్ పంపాలి. ఒక్కో నంబరూ చూసి కొట్టేసరికి వేళ్లు లాగేసేవి. అందుకే మాక్రో రాయడం నేర్చుకున్నాను. మాక్రో అంటే మరేం కాదు, కంప్యూటర్‌కి మనం రాసిచ్చే పనుల చీటీ. అయితే అందులో ఒక తిరకాసుంది. ఫిల్టర్ వేస్తే మిగతా వరసలు మన కంటికి కనపడవు గానీ, ఎక్కడికీ పోవు. మాక్రోకి ఆ తేడా తెలీదు, పైనుంచి కిందదాకా అన్నిట్లోకీ దూరిపోతుంది. ప్రతి వరస దగ్గరా ఆగి, ఇది దాచి ఉందా అని చూసి, ఉంటే దాటెయ్యమని మనమే చెప్పాలి. నేను రాసిన లైను అదే.

మా ఆయనకి చూపించాను. "ఓస్, ఇంతేనా? చేసేది కంప్యూటరే కదా," అన్నాడు. సూపరింటెండెంటు గారికి చూపించాను. "బాగుందమ్మా, నా మెషిన్లో పెట్టి వెళ్లు," అన్నారు. నెల తిరక్కుండానే డైరెక్టర్ గారి మీటింగులో అది 'నా ప్రోగ్రాం' అయింది. సూపరింటెండెంటు గారి ప్రోగ్రాం. అది ఎలా పనిచేస్తుందో ఆయన లోపల వివరిస్తుంటే, టీలు వచ్చాయో లేదో చూడమని నన్ను బయటికి పంపారు. చప్పట్లు తలుపు అవతలినుంచి విన్నాను. ఇంటికొచ్చి చెబితే, "పెద్దవాళ్లతో మనకెందుకు, జీతం వస్తోంది కదా," అన్నాడు మా ఆయన. ఊరుకున్నాను. ఊరుకోవడంలో నాకు పన్నెండేళ్ల సర్వీసుంది, పెళ్లయిన దగ్గర్నుంచీ.

ఇలా ఆర్నెల్లు గడిచాయి. మొన్న మంగళవారం పాపకి జ్వరమొస్తే సెలవు పెట్టాను. ఎవరు పెట్టాలన్న చర్చ మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు, ఆ రోజూ రాలేదు. పదింటికి సూపరింటెండెంటు గారు ఫోన్ చేశారు.

"ఏంటమ్మా ఇది, నత్తనడక నడుస్తోంది? ప్రతి వరసనీ ఆగి పలకరిస్తోంది. మధ్యలో ఈ లైను తీసేస్తే పోదూ?"

"అది మాత్రం ముట్టుకోకండి సార్. అది లేకపోతే అందరికీ వెళ్లిపోతాయి."

"సర్లే, నాకు తెలుసులే," అని పెట్టేశారు. నేను పాప నుదుటి మీద తడిగుడ్డ మార్చాను.

బుధవారం నేను వెళ్లేసరికి సెక్షన్‌లో ఫోన్లన్నీ ఒకేసారి మోగుతున్నాయి. నలభై ఒక్క మందికి వెళ్లాల్సిన మెసేజ్ ఆరువందల పన్నెండు మందికి వెళ్లింది. ఆపరేషన్ థియేటర్ ఖాళీ. డాక్టర్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను ఎత్తిన మొదటి ఫోన్ ఒక దర్జీ ఆవిడది. "ఇవాళే కదమ్మా నాకు చెయ్యాల్సింది? నాలుగు నెలలుగా చూస్తున్నాను. సూదిలో దారం కూడా వేరేవాళ్లచేత ఎక్కించుకుంటున్నాను. నేనేం తప్పు చేశానని వాయిదా వేశారు?" నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఫైలు తెరిచి చూశాను. ఆ లైను లేదు. చివరిసారి ఎవరు మార్చారో, ఏ రోజు ఎన్ని గంటలకు మార్చారో ఫైలులోనే ఉంది.

సూపరింటెండెంటు గారు పిలిచారు. బల్ల మీద టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది. 'నేను రాసిన ప్రోగ్రాంలోని లోపం వల్ల ఈ పొరపాటు జరిగింది' అని మొదలైంది. కింద నా సంతకానికి ఖాళీ. చప్పట్లప్పుడు ఆయనది, తిట్లప్పుడు నాది.

"పెట్టెయ్యమ్మా. మహా అయితే ఒక మందలింపు. అదే నా మీదికొస్తే ప్రమోషన్ ఆగిపోతుంది. నీకెలాగూ ప్రమోషన్ ఏముంది?" అన్నారు, ఎంతో ఆప్యాయంగా. ఆ ఆప్యాయత నాకు కొత్త కాదు. మా ఇంట్లో గిన్నెలు తోమేటప్పుడు నన్ను 'బంగారుతల్లి' అంటారు.

"ఇంటికి ఒక ఫోన్ చేసుకుని వస్తానండి," అన్నాను.

వరండాలోకి వెళ్లి మా ఆయనకి జరిగిందంతా చెప్పాను. చివరిదాకా వినలేదు. "సంతకమే కదా, పెట్టి పారెయ్. ఆయనతో గొడవ పెట్టుకుంటే రేపు నీకు సెలవులెవరిస్తారు? పాపకి మళ్లీ జ్వరమొస్తే నన్ను ఇంట్లో కూర్చోమంటావా?"

"కూర్చోవాలి," అన్నాను. ఆ మాట ఇంత తేలిగ్గా వస్తుందని నాకు పన్నెండేళ్లుగా తెలీదు. "సరే, ముందా సంతకం పెట్టెయ్," అని కట్ చేశాడు.

లోపలికొచ్చి కూర్చున్నాను. టైపు చేసిన కాగితాన్ని పక్కకి జరిపి, తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. 'డైరెక్టర్ గారికి' అని మొదలుపెట్టాను. 'ఈ ప్రోగ్రాం రాసింది నేను. మా ఇంట్లో, ఆదివారాలు కూర్చుని రాశాను. అందులోని ఒక లైనును, వద్దన్నా వినకుండా, మంగళవారం నేను సెలవులో ఉండగా తీసేశారు. తీసినవారి పేరు ఫైలులోనే ఉంది. నా దగ్గరున్న అసలు ప్రతిని జతచేస్తున్నాను. వాయిదా లేనివారు ఐదువందల డెబ్బై ఒక్క మంది, వాళ్లందరికీ క్షమాపణ చెప్పాలి. ఆ ఉత్తరం నేను రాస్తాను, సంతకం మాత్రం లైను తీసినవారు పెట్టాలి.' కింద నా పూర్తి పేరు రాసి సంతకం చేశాను.

ఆయన బల్ల అవతలినుంచి కాగితాన్ని తలకిందులుగానే చదువుతున్నారు. మొహం పాలిపోయింది.

"తొందరపడకమ్మా. ఇలాంటివి ఇంట్లో ఒకమాట అనుకుని చెయ్యాలి. ముందు మీ ఆయన్ని అడుగు."

"అడిగానండి. సంతకం పెట్టమన్నారు. పెట్టేశాను," అని కాగితం తీసుకుని డైరెక్టర్ గది వైపు నడిచాను.