తాళం పడ్డ బండ్లు

మిట్టమధ్యాహ్నం, నాలుగు రోడ్ల కూడలిలో స్టాండులో అందరూ బాబాయ్ అని పిలిచే ముసలాయన ఆటో ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. లోపల నొప్పులు పడుతున్న ఒక గర్భిణి, ఆమె తల్లి. వెనక బస్సులు మొత్తుకుంటున్నాయి. హారనక్క తన ఆటో పక్కకు ఆపి పరుగెత్తుకొచ్చింది. ఆమె గొంతు ఎత్తితే ఇక హారన్ అక్కర్లేదని స్టాండువాళ్లు పెట్టిన పేరది. పాత బండ్ల రోజుల్లో ఒకరి ఆటో ఆగితే ఇంకొకరు తమ బండిలో కూర్చునే, ఆగిన బండికి కాలు ఆనించి మెకానిక్ షెడ్డు దాకా తోసుకుపోయేవారు. ఈ కరెంటు బండ్లకు ఆ వీలు కూడా లేదు. చక్రం అంగుళం కదిలితే ఒట్టు.

ఇద్దరూ కలిసి గర్భిణిని హారనక్క ఆటోలోకి ఎక్కిస్తుండగా బ్యాటరీ కంపెనీ సూపర్‌వైజర్ మోటార్‌సైకిల్ మీద ఊడిపడ్డాడు.

"ఏం ముసలాడా, రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకున్నావు కదూ? బ్యాటరీ కంపెనీది. మా స్టేషన్‌లో తప్ప ఎక్కడ పెట్టినా దొంగతనమే. ఆఫీసులో మీట నొక్కారు, నీ బండికి తాళం పడింది."

"మీ స్టేషన్‌లో కార్లవాళ్లనే ముందు పంపుతున్నారు బాబూ. పొద్దస్తమానం నిలబెడితే నేను బండి తిప్పేదెప్పుడు, తినేదెప్పుడు?"

"అది నాకనవసరం."

బాబాయ్ హారనక్క వైపు తిరిగాడు. "నీ మాట విని బంగారం లాంటి బండిని తుక్కు చేయించుకున్నానమ్మా" అన్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. గర్భిణిని ఆస్పత్రిలో దింపేదాకా ఆ మాటే చెవిలో మోగుతూనే ఉంది.

అందులో అబద్ధమేమీ లేదు. ఎలక్ట్రిక్ బండ్ల పాలసీ కావాలని సర్కారు కంటే ముందు ఊరేగింపు తీసింది ఆటోవాళ్లే. పొగ మింగి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నది వాళ్లే మరి. హారనక్క భర్త దగ్గి దగ్గి పోయాడు. అతని ఆటో తనే నడుపుతానంటే స్టాండంతా నవ్వింది. యూనియన్ పెద్దన్న ఒక్కడే దగ్గరుండి నేర్పించాడు. "బండి మనది, బ్యాటరీ మనది, స్టాండులో ఛార్జింగ్ స్టేషన్ మనమే నడుపుకుంటాం" అని చెప్పిందీ ఆ పెద్దన్నే. ఆ మాట పట్టుకుని ఆమె గడప గడపా తిరిగింది. కొత్త బండి చేతికి రాకముందే జనం పాతవాటిని కడిగి, తుడిచి, తుక్కు యంత్రానికి అప్పగించేశారు. అంత నమ్మకం! ఆ తర్వాత స్టాండు స్థలం, స్టేషన్‌తో సహా కంపెనీ కాంట్రాక్టరుకు పోయింది. పెద్దన్న ఫోను ఎత్తడం మానేశాడు.

సాయంత్రానికి యూనియన్ షెడ్డు కిక్కిరిసిపోయింది.

"తగలబెట్టేద్దాం ఈ దిక్కుమాలిన బండ్లని! పెట్రోలువే నయం!"

"ముందు ఈ అక్కని అడగండి. ఇంటింటికీ తిరిగి మన కొంప ముంచింది ఆవిడే!"

హారనక్క లేవబోతుండగా పెద్దన్న వచ్చాడు. కొత్త చొక్కా, జేబు మీద కంపెనీ గుర్తు.

"ఆవేశపడకండి. బ్యాటరీ మీ చేతికిస్తే పాలసీయే రానివ్వం అన్నారు పైవాళ్లు. అసలేదీ రాకపోవడం కంటే నయం కదా అని ఒప్పుకున్నా. కిక్కురుమనకుండా పని చేసుకోండి. గొడవకు దిగితే అందరి బండ్లకీ తాళం పడుతుంది."

"ఎప్పుడు ఒప్పుకున్నావన్నా?" అంది హారనక్క.

"ఊరేగింపుకి ముందే."

"అంటే నేను ఇంటింటికీ తిరిగేటప్పుడు నీకు తెలుసు. తెలిసే పంపావు. నాకొక్క మాట చెప్పాలనిపించలేదా అన్నా?"

పెద్దన్న వెళ్లిపోయాడు. ఆమె అందరి ముందే బావురుమంది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని లేచింది.

"నన్ను తిట్టండి, పడతాను. కానీ బండ్లు తగలబెడితే పండగ చేసుకునేది కాంట్రాక్టరే. మళ్లీ ఆ పొగే మింగుదామా? బండి మంచిదే. దాని తాళంచెవి వాడి గుప్పిట్లో ఉంది, అదీ మన రోగం. తాళం వేస్తామని బెదిరిస్తున్నారుగా? వేయనిద్దాం. ఎక్కడ వేయించుకోవాలో మనం చూసుకుందాం."

ముందుగా నవ్వింది బాబాయే. "నాకు బండి లేదు. నీ బండిలో కూర్చుంటా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆటోలన్నీ ఛార్జింగ్ స్టేషన్ గేటుకు అడ్డంగా, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. లోపల ఖరీదైన కార్లు. వాటి పక్కన, కాంట్రాక్టరు ముందే పిలిపించుకున్న పోలీసు వ్యాను.

"పొగా వద్దు, తాళమూ వద్దు! బ్యాటరీ మాది!"

సూపర్‌వైజర్‌కు ఒళ్లు మండింది. "అందరివీ వేసేయండి!" అని ఫోనులో అరిచాడు. వేశారు. ఆటోలన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. లోపలి కారు బయటికి రాదు, బయటి కారు లోపలికి పోదు.

"తీయండి బండ్లు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తాళంచెవి మా దగ్గర లేదు సార్" అన్నాడు బాబాయ్, ఎంతో వినయంగా.

"తాళం తీస్తే లోపలికి దూసుకొస్తారు సార్!" అని సూపర్‌వైజర్ గోల పెట్టాడు.

"మీ నాయకుడెవడు?"

ఒక్కరూ నోరు విప్పలేదు. సూపర్‌వైజర్ వెనకనుంచి పెద్దన్న ముందుకొచ్చి వేలెత్తి చూపించాడు. "ఆవిడే సార్. జనాన్ని రెచ్చగొట్టింది ఆవిడే." అంత నోరున్న హారనక్కకు తిట్టు కూడా రాలేదు.

పోలీసులు ఆమెను పట్టుకున్నారు, వ్యాను దాకా లాక్కెళ్లారు, అక్కడ ఆగిపోయారు. వ్యాను బయటికి పోయే దారి ఏది? చేసేది లేక ఆమెను ఆటోల సందులోంచి దాటించి నడిరోడ్డున నడిపించుకుపోయారు. ఆటోవాళ్లు కొందరు వెంట నడిచారు. మెకానిక్‌లు చేతులు తుడుచుకుంటూ వచ్చి కలిశారు. కాలేజీ దగ్గర ఒక విద్యార్థిని బాబాయ్‌ని ఆపింది.

"ఏం చేసింది తాతా ఈమె?"

"నమ్మిందమ్మా. మేమూ నమ్మాం. ఇక ఎవణ్ణైనా సరే, అడిగాకే నమ్ముతాం."

ముందు నడుస్తున్న హారనక్క వెనక్కి తిరిగింది. "బాబాయ్, గేటు దగ్గర ఎవరున్నారు?"

"సగం మంది ఉన్నారమ్మా."

"చాలరు. మనుషులు తక్కువుంటే బండ్లు లాగి పడేస్తారు. నా వెనక ఎందుకు? నేనెక్కడికి పోతాను? అందరూ గేటుకే పోండి!"